విద్యుత్ పికప్ వాహనం రైతు లెక్కకు నిలుస్తుందా?

పంట పండించడంతో వ్యవసాయం ముగిసిపోదు. కోసిన సరకు వాడకముందే, నలగకముందే, ధర జారకముందే మార్కెట్టుకు చేరినప్పుడే రైతు శ్రమకు ఫలం దక్కుతుంది. దేశంలో పంటకోత అనంతర నష్టాలపై జరిగిన అధ్యయనాలు ఈ సంగతినే చెబుతున్నాయి. నాబ్‌కాన్స్ సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ఈ నష్టం పండ్లలో 6.02 నుండి 15.05 శాతం వరకు, కూరగాయలలో 4.87 నుండి 11.61 శాతం వరకు ఉన్నది. ఈ నష్టమంతా రవాణాలోనే జరుగుతున్నదని కాదు. అయితే పొలం గట్టు నుండి మార్కెట్ యార్డు వరకు సాగే ప్రయాణం అందులో విస్మరించరాని భాగం.

తెలుగు రాష్ట్రాలలో ఆ ప్రయాణ భారాన్ని నేడు మోస్తున్నవి ప్రధానంగా చిన్న సరకు వాహనాలు. 2005లో టాటా ఏస్ మార్కెట్టులోకి వచ్చిన తరువాత ఎడ్లబండి, ట్రాక్టరు ట్రాలీ చేసే పనిలో చాలా భాగం ఈ వాహనాలకు, బొలెరో పికప్ వంటి వాటికి, మూడు చక్రాల ట్రాలీ ఆటోలకు మారింది. ఇప్పుడు అవే వాహనాలు బ్యాటరీతో నడిచే రూపంలో వస్తున్నాయి. టాటా ఏస్ విద్యుత్ నమూనా 2022లో ఆవిష్కృతమైంది. 2024లో టన్ను బరువు మోసే నమూనా, అదే ఏడాది మహీంద్రా జియో, 2025 జూన్‌లో ఏస్ ప్రో విద్యుత్ నమూనా వచ్చాయి. వీటిని నగరాలలో ఇంటింటికీ సరకు చేరవేసే సంస్థలు ఇప్పటికే వాడుతున్నాయి. ఇవి సామాన్య మార్కెట్టులో నిలదొక్కుకోగలవా, ముఖ్యంగా రైతు సరకును మోయగలవా అన్నది వ్యవసాయ శాస్త్రజ్ఞులు కూడా పట్టించుకోవలసిన ప్రశ్న. ఎందుకనగా ఈ ప్రశ్నకు సమాధానం వాహనం నాణ్యతలో కన్నా పంటల సరళిలో ఎక్కువగా ఉన్నది.

అమెరికా అనుభవం చెప్పే పాఠం

పికప్ ట్రక్కు పుట్టుకలోనే వ్యవసాయం ఉన్నది. 1925లో ఫోర్డ్ సంస్థ తన మోడల్ టి కారుకు వెనుక సరకుతొట్టి అమర్చి 281 డాలర్లకు విక్రయించినప్పుడు దానిని కొన్నవారిలో రైతులు, చిన్న వ్యాపారులు ముఖ్యులు. సుమారు వంద సంవత్సరాల తరువాత అదే సంస్థ, ఆ దేశంలో అత్యధికంగా అమ్ముడుపోయే తన ఎఫ్-150 పికప్‌ను ‘లైట్నింగ్’ పేరిట విద్యుత్ వాహనంగా మార్చింది. 2021 మేలో ప్రకటించిన ప్రారంభ ధర 40 వేల డాలర్ల లోపు. 2022లో వాహనాలు కొనుగోలుదారులకు అందడం మొదలైంది. 2023 మార్చి నాటికి ఆ ధర 60 వేల డాలర్లకు చేరువైంది. అదే ఏడాది జూలైలో దానిని తిరిగి 50 వేల డాలర్లకు దించవలసి వచ్చింది. 2025 సెప్టెంబరు 30తో విద్యుత్ వాహనాలపై ఫెడరల్ ప్రభుత్వం ఇస్తున్న 7,500 డాలర్ల పన్ను రాయితీ ముగిసింది. ఆ డిసెంబరులో ఫోర్డ్ సంస్థ పూర్తి విద్యుత్ లైట్నింగ్ తయారీని విరమించి, బ్యాటరీని నింపేందుకు ఇంధన ఇంజను తోడుగా ఉండే నమూనా వైపు మళ్లనున్నట్లు ప్రకటించింది.

ఈ వెనుకడుగుకు ఆ వాహనం పనికిరానిది కావడం కారణం కాదు. అది నిశ్శబ్దంగా, వేగంగా నడిచేది. నిలిచి ఉన్నప్పుడు 9.6 కిలోవాట్ల వరకు విద్యుత్తును బయటి పనిముట్లకు అందించగలిగేది. అయితే అమెరికా రైతు, పశుపోషకుడు పికప్‌తో చేయించుకునే అసలు పని వెనుక ట్రైలరు తగిలించి పశువులను, గడ్డిమోపులను, యంత్రాలను దూరం లాగించుకోవడం. పెద్ద ట్రైలరు లాగినప్పుడు ఛార్జింగుతో వెళ్లగలిగే దూరం దాదాపు సగానికి పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి బ్యాటరీని పెంచితే వాహనం బరువు, దానితో పాటు ధర పెరుగుతాయి. పెద్ద బ్యాటరీతో ధర పెరిగి, ధరతో గిరాకీ తగ్గి, గిరాకీ తగ్గడంతో ఉత్పత్తి వ్యయం దిగిరాక ఆ వాహనం ఒక చక్రబంధంలో చిక్కుకున్నది. గుర్తించదగిన సంగతి ఏమనగా, అదే ఫోర్డ్ సంస్థ 2027 నాటికి సుమారు 30 వేల డాలర్ల ధరలో మధ్యతరహా విద్యుత్ పికప్‌ను తెస్తామని 2025 ఆగస్టులో ప్రకటించింది. అనగా పెద్ద వాహనంతో తగిలిన దెబ్బ నుండి ఆ పరిశ్రమ నేర్చినది చిన్న వాహనం వైపు, చిన్న బ్యాటరీ వైపు నడవడం.

భారతదేశంలో పరిస్థితి దీనికి భిన్నం. ఇక్కడ సరకు వాహనం మొదటి నుండి చిన్నది. లైట్నింగ్‌లో బ్యాటరీ సామర్థ్యం 98 యూనిట్లతో మొదలవుతుంది. ఏస్ విద్యుత్ నమూనాలో అది 21.3 యూనిట్లు మాత్రమే. ఇక్కడి వాహనం రోజూ తిరిగే దూరం తక్కువ, వేగం తక్కువ, దారి దాదాపు నిర్ణీతం. కాబట్టి అమెరికాలో పెద్ద పికప్ తడబడినదని ఇక్కడి చిన్న వాహనానికి భవిష్యత్తు లేదని తీర్మానించడం తగదు. అదే విధంగా నగరంలో పార్సిళ్లు మోసి విజయం సాధించినదని పల్లెలో టమాటా మోసి కూడా గెలుస్తుందని భావించడమూ తగదు.

కిలోమీటరు లెక్క, సంవత్సరపు లెక్క

విద్యుత్ వాహనం విషయంలో రైతుకు సాధారణంగా వినిపించేది కిలోమీటరు లెక్క. ఏస్ విద్యుత్ నమూనాకు ధ్రువీకరించిన దూరం 154 కిలోమీటర్లు. పల్లె రోడ్లపై, నిండు బరువుతో, ఛార్జింగులో జరిగే నష్టాన్ని కూడా కలుపుకొని యూనిట్‌కు 5 కిలోమీటర్లు నడుస్తుందని అనుకుందాం. యూనిట్ ధర 10 రూపాయలుగా తీసుకుంటే కిలోమీటరుకు విద్యుత్ ఖర్చు 2 రూపాయలు. లీటరుకు 16 కిలోమీటర్లు నడిచే డీజిల్ వాహనానికి, లీటరు ధర 96 రూపాయలనుకుంటే, కిలోమీటరుకు 6 రూపాయలు. మిగులు 4 రూపాయలు. చిన్న పెట్రోలు వాహనానికి కూడా ఈ తేడా ఇంచుమించు ఇంతే. ఇక్కడి వరకు వాదన విద్యుత్ వాహనం వైపే మొగ్గుతుంది.

అయితే రైతు చూసుకోవలసినది సంవత్సరపు లెక్క. ఏస్ ప్రో విడుదలైన నాడు ప్రారంభ ధర పెట్రోలు నమూనాకు 3.99 లక్షల రూపాయలు కాగా, విద్యుత్ నమూనాకు 6.50 లక్షలు. అనగా అదనపు పెట్టుబడి సుమారు 2.5 లక్షల రూపాయలు. కిలోమీటరుకు 4 రూపాయల చొప్పున ఈ మొత్తం తిరిగి రావాలంటే వాహనం 62,500 కిలోమీటర్లు నడవాలి. రోజుకు 100 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగే వాహనానికి రెండేళ్లు దాటగానే ఆ పెట్టుబడి తిరిగి వస్తుంది. రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 150 రోజులు మాత్రమే తిరిగే వాహనానికి పది సంవత్సరాలు దాటినా తిరిగి రాదు. పైగా 2.5 లక్షలపై నూటికి 10 చొప్పున ఏడాదికి 25 వేల రూపాయల వడ్డీ పడుతుంది. ఈ రెండవ వాహనానికి ఏడాదికి ఇంధనంలో కలిగే ఆదా 24 వేల రూపాయలు. ఆదా వడ్డీకే చాలదు.

ఈ అంకెలను ప్రాంతాన్ని బట్టి, టారిఫ్‌ను బట్టి, వాహన ధరను బట్టి మార్చి చూడవచ్చు. కాని అవి చూపే దిశ మారదు. డీజిల్ వాహనం కొనేటప్పుడు చౌక, నడిపేటప్పుడు ప్రియం. విద్యుత్ వాహనం కొనేటప్పుడు ప్రియం, నడిపేటప్పుడు చౌక. కనుక ఖాళీగా నిలిచి ఉండే విద్యుత్ వాహనం నష్టం, నిత్యం తిరిగేది లాభం. వ్యవసాయం స్వభావరీత్యా ఋతువుల వృత్తి. ఒక్క పంటపై ఆధారపడే ఒక్క రైతుకు సరకు వాహనం ఏడాదిలో కొన్ని వారాలే అవసరమవుతుంది. అందుచేత విద్యుత్ సరకు వాహనాన్ని వ్యక్తిగత ఆస్తిగా ప్రతి రైతుకూ అంటగట్టే పథకం ఏదైనా అతనికి రాయితీతో కూడిన అప్పునే మిగులుస్తుంది.

ఏ పంటకు, ఏ దారికి

సంవత్సరమంతా సరకు కదిలే పంటలు, వృత్తులు తెలుగు రాష్ట్రాలలో తక్కువేమీ కావు. చేవెళ్ల పరిసరాల ఆకుకూరలు, కూరగాయలు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని మెహదీపట్నం రైతుబజారుకు నిత్యం వస్తాయి. సిద్దిపేట జిల్లా వంటిమామిడి నుండి హైదరాబాదుకు కూరగాయలు ప్రతిరోజూ వెళ్తాయి. కడియం పూలు రాజమహేంద్రవరానికి, గ్రామాల పాలు శీతలీకరణ కేంద్రాలకు రోజూ చేరవలసినవే. ఈ దారులన్నిటికీ మూడు సామాన్య లక్షణాలున్నాయి: దూరం రానుపోను నూరు కిలోమీటర్లకు మించదు, బయలుదేరే వేళ మారదు, సరకు టన్ను లోపు లేదా ఆ చుట్టుపక్కల ఉంటుంది. విద్యుత్ వాహనానికి ఇంతకన్నా అనుకూలమైన పని దొరకదు.

దీనికి భిన్నమైన దారులూ ఉన్నాయి. మదనపల్లె టమాటా మార్కెట్టుకు చుట్టుపక్కల గ్రామాల నుండి వచ్చే పెట్టెలను విద్యుత్ వాహనం తేగలదు. యార్డు నుండి దూర రాష్ట్రాలకు వెళ్లే సరకు పెద్ద లారీలదే. గుంటూరు మిర్చి యార్డుకు దూర ప్రాంతాల నుండి వచ్చే టిక్కీలను, ఏప్రిల్ నుండి జూన్ వరకు మాత్రమే సాగే మామిడి రవాణాను ఈ చిన్న బ్యాటరీలపై ఆధారపడేట్లు చేయడం వివేకం కాదు. ఒకే వాహనం అన్ని పంటలకూ సరిపోతుందన్న ప్రచారం ఎంత తప్పో, ఏ పంటకూ సరిపోదన్న నిరసన కూడా అంతే తప్పు.

బరువు విషయం ప్రత్యేకంగా చెప్పుకోవలసి ఉన్నది. 750 కిలోల సామర్థ్యం గల వాహనంలో 25 కిలోల టమాటా పెట్టెలు 30 పడతాయి. వాస్తవంలో డీజిల్ వాహనంపై అంతకు ఎంతో ఎక్కువ ఎక్కించడం వాడుక. కిరాయి గిట్టుబాటు ఆ అదనపు పెట్టెలపైనే ఆధారపడి ఉన్నదని వాహన యజమానులకు, రైతులకు, కమీషన్ వ్యాపారులకు తెలుసు. డీజిల్ వాహనం అధిక బరువును భరించినట్లు కనిపిస్తుంది, కొంత ఎక్కువ ఇంధనం తాగి గమ్యం చేరుతుంది. విద్యుత్ వాహనంలో అధిక బరువు వెంటనే దూరాన్ని తగ్గిస్తుంది. తిరుగు ప్రయాణంలో దారి మధ్య ఆగిపోతే తోడు తెచ్చుకునేందుకు అర లీటరు డీజిల్ సీసా వంటిది దీనికి లేదు. కావున నిర్ణీత బరువుకే కిరాయి గిట్టుబాటు అవుతుందా అన్న లెక్క వేయకుండా డీజిల్ బండి అలవాట్లతో విద్యుత్ బండి నడపాలనుకునే వారికి నిరాశ తప్పదు.

వేడిమి రెండవ అంశం. లిథియం బ్యాటరీల ఆయువు అధిక ఉష్ణోగ్రత వద్ద తగ్గుతుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవి మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటిన సందర్భాలున్నాయి. కొన్ని సంస్థలు బ్యాటరీకి 7 సంవత్సరాల వరకు హామీ ఇస్తున్నాయి కాని, ఆ హామీకి పెట్టిన నిబంధనలలో నీడ లేని చోట నిలపడం, అధిక బరువు, అనధికార మరమ్మత్తు ఏ విధంగా పరిగణింపబడతాయో కొనేముందు తెలుసుకోవడం అవసరం. బ్యాటరీయే ఆ వాహనంలో అత్యంత ఖరీదైన భాగం కనుక పాత వాహనానికి పలికే ధర కూడా దానిపైనే ఆధారపడుతుంది. పాత ధర తెలియని వాహనానికి బ్యాంకులు సులువుగా అప్పు ఇవ్వకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పగటి ఎండలో ఉన్న అవకాశం

విద్యుత్ వాహనం కాలుష్యం లేనిదన్న మాటను కూడా కొలిచి చూడాలి. లీటరు డీజిల్ మండితే సుమారు 2.68 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. లీటరుకు 16 కిలోమీటర్ల చొప్పున అది కిలోమీటరుకు 168 గ్రాములు. దేశంలో విద్యుత్తులో అధిక భాగం నేటికీ బొగ్గు నుండే వస్తున్నది. గ్రిడ్ సగటున ఒక యూనిట్‌కు వెలువడే వాయువు 0.7 కిలోలకు కాస్త పైన ఉన్నది. యూనిట్‌కు 5 కిలోమీటర్లు నడిచే వాహనానికి అది కిలోమీటరుకు 145 గ్రాముల దాకా వస్తుంది. డీజిల్ శుద్ధి, రవాణాలలో వెలువడే వాయువును లెక్కలోకి తీసుకోకుంటే తేడా అంత గొప్పది కాదు. రాత్రిపూట బొగ్గు విద్యుత్తుతో నింపిన బ్యాటరీ పొగను పట్టణం నుండి విద్యుత్ కేంద్రానికి తరలిస్తుంది. అదే బ్యాటరీని పగటి సౌరవిద్యుత్తుతో నింపితే లెక్క పూర్తిగా మారుతుంది.

ఇక్కడే కూరగాయల రవాణాకు ఒక సహజమైన అనుకూలత ఉన్నది. కూరగాయల వాహనం తెల్లవారుజామున బయలుదేరుతుంది, రైతుబజారులో సరకు దించి పది గంటలకల్లా ఊరు చేరుతుంది. ఎండ కాసే వేళ అది నీడన నిలిచి ఉంటుంది. నగరంలో పార్సిల్ వాహనం పగలంతా తిరిగి రాత్రి ఛార్జింగుకు వస్తే, కూరగాయల వాహనం రాత్రి చివరి జామున పనిచేసి పగలు ఛార్జింగుకు వస్తుంది. సౌరవిద్యుత్తు సమృద్ధిగా లభించే గంటలు, ఈ వాహనం ఖాళీగా ఉండే గంటలు దాదాపు ఒకటే.

2019లో ప్రారంభమైన పీఎం-కుసుమ్ పథకం కింద రైతులకు సౌర పంపుసెట్లు లభిస్తున్నాయి. ఐదు హార్స్‌పవర్ పంపుకు సుమారు 4.8 కిలోవాట్ల ఫలకాలు అమరుస్తారు. కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్ల చొప్పున అవి దాదాపు 19 యూనిట్లు ఉత్పత్తి చేయగలవు. ఇది ఒక చిన్న సరకు వాహనం బ్యాటరీ ఇంచుమించు నిండేటంత. పైరుకు నీటి అవసరం ఏడాదిలో సుమారు 150 రోజులే ఉంటుందని, మిగిలిన కాలంలో ఫలకాలు వృథాగా ఉంటాయని గుర్తించి, కేంద్ర నవీన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ సార్వత్రిక సౌర పంపు నియంత్రికను ప్రోత్సహించింది. దానితో పిండిమర, గడ్డికోత యంత్రం, శీతల పెట్టె, బ్యాటరీ ఛార్జింగు వంటి ఇతర పనులకు కూడా ఆ విద్యుత్తు వాడవచ్చును. వాహనం బ్యాటరీ కూడా ఆ జాబితాలో చేరదగినదే.

అయితే పొలంలోని ఫలకాల వద్దకు వాహనాన్ని తీసుకొని వెళ్లడం, మబ్బుతో హెచ్చుతగ్గులయ్యే విద్యుత్తును ఛార్జరుకు స్థిరంగా అందించడం సులభం కాదు. అందువలన ఒంటరి రైతు పంపు కన్నా మార్కెట్ యార్డు, పాల శీతలీకరణ కేంద్రం, ప్రాథమిక సహకార సంఘం గోదాము పైకప్పులపై ఫలకాలు అమర్చి అక్కడే ఛార్జింగు ఏర్పాటు చేయడం మేలు. 3.3 కిలోవాట్ల మామూలు ఛార్జరుతో 21 యూనిట్ల బ్యాటరీ నిండడానికి ఆరేడు గంటలు చాలును. రైతుబజారు నుండి తిరిగి వచ్చిన వాహనానికి ఆ సమయం ఉన్నది. ఖరీదైన వేగవంత ఛార్జింగు కేంద్రాల కోసం వేచి ఉండవలసిన అవసరం ఈ పనికి లేదు.

దీనితో ముడిపడిన మరొక సంగతిని దాచరాదు. తెలంగాణలో 24 గంటలు, ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటలు సాగుకు ఉచిత విద్యుత్తు అందుతున్నది. పంపుసెట్టు తీగకు వాహనం తగిలించాలన్న ప్రలోభం సహజం. అది నిబంధనలకు విరుద్ధం. అంతకు మించి, ఫీడరు చివరనున్న రైతు మోటారుకు వోల్టేజీ పడిపోయి కాలిపోయే ప్రమాదం తెస్తుంది. ఒకరి రవాణా ఆదా మరొకరి మోటారు రీవైండింగు ఖర్చు కాకుండా ఉండాలంటే గ్రామాలలో వాహన ఛార్జింగుకు వేరే కనెక్షను, వేరే మీటరు, అందుబాటు టారిఫ్ ముందుగానే ఏర్పాటు కావాలి.

విధానంలో ఉన్న ఖాళీ

విద్యుత్ వాహనాలకు పాలకుల మద్దతు కొరవడిందని అనలేము. వాటిపై జీఎస్టీ 5 శాతమే. తెలంగాణ 2024 నవంబరులో తెచ్చిన విధానం తేలికపాటి విద్యుత్ సరకు వాహనాలకు, ట్రాక్టర్లకు కూడా 2026 డిసెంబరు 31 వరకు రహదారి పన్ను, రిజిస్ట్రేషను రుసుము నుండి మినహాయింపు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2024-29 కాలానికి తన విద్యుత్ రవాణా విధానాన్ని ప్రకటించింది. కాగా 2024 అక్టోబరులో 10,900 కోట్ల రూపాయలతో ఆరంభమైన కేంద్ర పీఎం ఇ-డ్రైవ్ పథకం ద్విచక్ర వాహనాలకు, మూడు చక్రాల వాహనాలకు, బస్సులకు, 3.5 టన్నులకు పైబడిన ట్రక్కులకు ప్రోత్సాహకాలు కల్పించింది. రైతు సరకును అధికంగా మోసే వర్గం, అనగా 3.5 టన్నుల లోపు నాలుగు చక్రాల చిన్న సరకు వాహనం, ఈ రెంటి నడుమ జారిపోయింది. పైగా 2025 సెప్టెంబరు 22 నుండి డీజిల్, పెట్రోలు సరకు వాహనాలపై జీఎస్టీ 28 నుండి 18 శాతానికి తగ్గడంతో ధరల అంతరం మరికొంత పెరిగింది. ఇంధన వాహనం కొనే రైతుకు ఈ తగ్గింపు మేలే. అయితే విద్యుత్ వాహనం సామాన్య మార్కెట్టులోకి రావాలన్న లక్ష్యానికి ఇది ఎదురు దిశ.

ఈ ఖాళీని పూడ్చవలసినదే. కాని పూడ్చే పద్ధతి ముఖ్యం. కొన్నవారందరికీ రాయితీ పంచితే వాహనాలు నగరాల పార్సిల్ సంస్థల చేతికే చేరుతాయి, లేదా ఏడాదిలో అధిక భాగం పెరట్లో నిలుస్తాయి. పై లెక్క ప్రకారం వాహనం తిరిగే కిలోమీటర్లే దాని లాభనష్టాలను నిర్ణయిస్తున్నప్పుడు మద్దతు కూడా వాడకానికి ముడిపడి ఉండాలి. రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, మహిళా సంఘాల సమాఖ్యలు, పాల సహకార సంఘాలు, అద్దె యంత్ర కేంద్రాలు ఇందుకు తగిన యజమానులు. తెల్లవారుజామున కూరగాయలు, మధ్యాహ్నం ఛార్జింగు అనంతరం విత్తనాలు, ఎరువులు, దాణా, సాయంత్రం పాలు మోసే వాహనం రోజుకు నూరు కిలోమీటర్లు సులువుగా పూర్తి చేస్తుంది. 2020లో మొదలైన పది వేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం కింద ఏర్పడిన అనేక సంస్థలు చేయడానికి నిలకడైన వ్యాపారం లేక కాగితాలకే పరిమితమవుతున్నాయన్న విమర్శ ఉన్నది. నిత్య రవాణా వాటికి ఒక నిలకడైన పనిని సమకూర్చగలదు.

ఈ సూచనకు ఒక బలమైన అభ్యంతరం ఉన్నది. గ్రామాలలో నేడు సరకు రవాణా చేస్తున్నది సంఘాలు కావు. అప్పు చేసి బండి కొని నెలనెలా వాయిదాలు కట్టుకుంటున్న యువకులు. రాయితీతో సంఘానికి వచ్చిన విద్యుత్ వాహనం తక్కువ కిరాయికి తిరిగితే ముందుగా దెబ్బతినేది వారే. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు. సంఘం వాహనాన్ని నడపడానికి జీతగాని బదులు అదే ఊరి బండి యజమానిని భాగస్వామిగా తీసుకోవడం, పాత డీజిల్ బండిని అప్పగించినవారికి మొదటి అవకాశం ఇవ్వడం వంటి నియమాలు పథకంలోనే ఉండాలి. అనుభవమున్న డ్రైవరుకు దారి తెలుసు, మార్కెట్ వేళ తెలుసు, ఏ రైతు సరకు ఏ మలుపు వద్ద వేచి ఉంటుందో తెలుసు. ఆ పరిజ్ఞానాన్ని వదులుకున్న సంఘం ఎంత మంచి వాహనం కొన్నా నష్టపోతుంది.

పరిశోధన చేయవలసిన పని

వాహనాల తయారీదారులు ప్రకటించే దూరాలు నిర్ణీత పరీక్షా పరిస్థితులలో కొలిచినవి. 30 టమాటా పెట్టెలతో, గుంతల రోడ్డుపై, మే నెల ఎండలో అదే వాహనం ఎంత దూరం వెళ్తుందో రైతుకు చెప్పగలిగిన స్వతంత్ర సమాచారం అవసరం. ఆచార్య ఎన్.జి. రంగా, ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలలోని వ్యవసాయ ఇంజనీరింగు విభాగాలు, ఉద్యాన విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ పనికి తగిన సంస్థలు. ఒక్కో కేంద్రం ఒక్కో దారిని ఎంచుకొని, డీజిల్ వాహనాన్ని, విద్యుత్ వాహనాన్ని ఒకే సరకుతో ఏడాది పొడవునా నడిపి, బరువు, దూరం, విద్యుత్ వినియోగం, మరమ్మత్తు ఖర్చు, బ్యాటరీ సామర్థ్యంలో తరుగుదల నమోదు చేయడం కష్టసాధ్యమైన పరిశోధన కాదు.

దానితో పాటు పంటకు సంబంధించిన ప్రశ్నలూ ఉన్నాయి. ఇంజను వేడి, కంపనం లేని వాహనంలో టమాటా, ఆకుకూరల నలుగుడు తగ్గుతుందా? వాహన బ్యాటరీ నుండే చిన్న శీతల పెట్టెను నడిపితే పూలు, పుట్టగొడుగులు ఎన్ని గంటలు అదనంగా నిలుస్తాయి, అందుకు ఎంత దూరాన్ని వదులుకోవలసి వస్తుంది? పంటకోత అనంతర నష్టంలో రెండు శాతం తగ్గినా ఆ విలువ ఇంధన ఆదాకు దగ్గరగా రావచ్చును. నూరు కిలోల కూరగాయలలో రెండు కిలోలు అదనంగా అమ్ముడుపోతే, కిలో 20 రూపాయల చొప్పున 700 కిలోల లోడుకు అది 280 రూపాయలు. ఎనభై కిలోమీటర్ల ప్రయాణంలో ఇంధనం వలన మిగిలేది 320 రూపాయలు. ఈ రెండూ కలిసివచ్చే పక్షంలో విద్యుత్ వాహనం వాదన బలపడుతుంది, కలిసిరాకుంటే బలహీనపడుతుంది. ఏది నిజమో పొలం నుండి మార్కెట్టు వరకు కొలిచినవారే చెప్పగలరు.

విద్యుత్ పికప్ వాహనం సామాన్య మార్కెట్టులోకి వచ్చే రోజు దూరంగా లేదు. చిన్న బ్యాటరీ, నిర్ణీత దారి, నిత్య వినియోగం ఉన్న చోట అది ఇప్పటికే నిలబడగలదు. కూరగాయలు, పూలు, పాలు మోసే దారులలో మొదలుపెట్టి, సంఘాల యాజమాన్యంలో, పగటి సౌరవిద్యుత్తుతో నడిపిస్తే అది రైతు ఖర్చు తగ్గిస్తుంది. ఋతువుకు ఒకసారి సరకు అమ్ముకునే రైతుకు నేడు కావలసినది విద్యుత్ వాహనం సొంతం కావడం కాదు, కోత నాడు న్యాయమైన కిరాయికి ఒక వాహనం ఇంటి ముందుకు రావడం. ఈ భేదాన్ని గుర్తించి రూపొందించిన పథకమే ప్రజాధనాన్ని, రైతు నమ్మకాన్ని రెంటినీ కాపాడుతుంది.